ఛార్జర్ చల్లగా ఉందంటే మంచిదనుకోకండి: ప్లాస్టిక్‌లో కలిపే పొడి గురించి మనం అడగని ప్రశ్నలు

పోయిన వేసవిలో ఒక 65 వాట్ గ్యాన్ ఛార్జర్‌కి నేను ఐదుకి నాలుగున్నర ఇచ్చాను. బ్రాండ్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఈ ఆర్టికల్ వాళ్ల గురించి కాదు, నా తప్పు గురించి. ఆ రివ్యూలో నేను రాసిన మాట ఇది: "ఫాస్ట్ ఛార్జింగ్‌లో కూడా చేతికి గోరువెచ్చగానే తగిలింది, హీట్ మేనేజ్‌మెంట్ సూపర్." ఏడు నెలల తర్వాత ఒక రీడర్ నాకు ఫోటో పంపాడు. అదే మోడల్. పక్క గోడ మీద అర్ధరూపాయి బిళ్లంత మేర గోధుమ రంగు మచ్చ. వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోతోందట. "అన్నా, నువ్వు చల్లగా ఉంటుందని రాశావని కొన్నాను, ల్యాప్‌టాప్‌కి రోజంతా వాడుతున్నాను" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా దగ్గరున్న యూనిట్‌ని ప్లగ్ నుంచి తీసి, ఒక రోజు పక్కన పెట్టి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయని మీటర్‌తో చూసుకుని కోసి చూశాను. (ఇది మీరు చేయొద్దు. ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టే ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.) లోపల ట్రాన్స్‌ఫార్మర్‌కి, బయటి ప్లాస్టిక్ గోడకి మధ్య ఖాళీ. పాటింగ్ లేదు, ప్యాడ్ లేదు, ఉన్నదంతా గాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న పసుపు టేపు అప్పటికే రంగు మారింది.

అంటే నా చేతికి "చల్లగా" తగిలింది మంచి డిజైన్ వల్ల కాదు. నేను ఫోన్ పెట్టి పదిహేను నిమిషాలు మాత్రమే చూశాను. లోపలి వేడి అప్పటికింకా బయటికి రానేలేదు.

అప్పటి నుంచి నాలుగైదు నెలలు ఈ ఒక్క విషయం మీదే చదివాను, ఎక్సెల్‌లో లెక్కలు వేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మనం వాట్లు, పోర్టులు, గ్యాన్ అనే మూడు అక్షరాలు చూసి ఛార్జర్లు కొంటున్నాం, రివ్యూ చేస్తున్నాం. కానీ ఇంటికి నిప్పు అంటుకోకుండా ఆపేది ప్లాస్టిక్. లోపలి చిప్ వేడిని బయటికి పంపేది కూడా ఎక్కువగా ప్లాస్టిక్, సిలికాన్, వాటిలో కలిపిన పొడి. దాని గురించి ఒక్క లైన్ కూడా స్పెక్ షీట్‌లో ఉండదు. ఉండాలి.

మంట ఆపడం వేరు, వేడి పంపడం వేరు

చాలామంది చేసే పొరపాటు, నేనూ చేసినది, ఈ రెండింటినీ కలిపేయడం. "ఫ్లేమ్ రిటార్డెంట్ బాడీ" అని బాక్స్ మీద ఉంటే వేడికి కూడా మంచిదే అనుకుంటాం. కాదు.

మంట సంగతి చెప్పే టెస్ట్ యూఎల్ 94. సన్నని ప్లాస్టిక్ పట్టీని నిలువుగా వేలాడదీసి, కింద నుంచి 10 సెకన్లు మంట పెట్టి తీసేస్తారు. ఆరాక మళ్లీ 10 సెకన్లు పెడతారు. పట్టీ ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరిపోవాలి, కింద పెట్టిన దూది మీద మండే చుక్క పడి అది అంటుకోకూడదు. అప్పుడే వి-0. 30 సెకన్ల వరకు మండి, చుక్కలు దూదిని అంటించినా సరే అంటే వి-2. ఇందులో ఎక్కడా "వేడి ఎంత బాగా ప్రవహిస్తుంది" అనే ప్రశ్న లేదు.

ఛార్జర్ల బాడీకి ఎక్కువగా వాడేది పాలికార్బొనేట్, లేదా పాలికార్బొనేట్ ఏబీఎస్ మిశ్రమం. దీనికి మంట ఆపే గుణం ఇవ్వడానికి ఫాస్ఫరస్ ఉన్న కెమికల్స్ కలుపుతారు. అవి ప్లాస్టిక్‌లో కరిగిపోతాయి, మంట వచ్చినప్పుడు పైన బొగ్గు పొర ఏర్పడేలా చేస్తాయి. కానీ థర్మల్ కండక్టివిటీని దాదాపు ఏమీ పెంచవు. మామూలు ప్లాస్టిక్ విలువ 0.2 వాట్ పర్ మీటర్ కెల్విన్ దగ్గర ఉంటుంది. అల్యూమినియంకి ఇది 200కి పైనే. అంటే వి-0 ప్లాస్టిక్ కూడా వేడి విషయంలో దుప్పటి లాంటిదే.

మీ ఫోన్‌లో ఉన్న సర్క్యూట్ బోర్డు కూడా ఇలాంటిదే. ఎఫ్ఆర్-4 అనే పేరు వినే ఉంటారు. అందులో ఎఫ్ఆర్ అంటే ఫ్లేమ్ రిటార్డెంటే. గాజు గుడ్డ మీద ఎపాక్సీ. మందం దిశలో దాని కండక్టివిటీ 0.3 దగ్గర. అందుకే చిప్ కింద రాగి పూసిన చిన్న చిన్న రంధ్రాలు వేసి వేడిని కిందికి దింపుతారు. బోర్డు సొంతంగా ఆ పని చేయలేదు.

మరి రెండు పనులూ చేసే పొడి లేదా? ఉంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్. దాదాపు 200 డిగ్రీలు దాటాక అది విడిపోయి నీటి ఆవిరిని వదులుతుంది. దాని బరువులో మూడో వంతుకు పైనే నీరు. ఆ ఆవిరి వేడిని లాగేసుకుంటుంది, మండే వాయువును పలచన చేస్తుంది. మామూలు రోజుల్లో అదే పొడి వేడిని పంపే రాళ్లలా పనిచేస్తుంది. అందుకే సిలికాన్ థర్మల్ ప్యాడ్లలో, ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ గ్యాప్ ఫిల్లర్లలో దీన్ని బాగా వాడతారు. ఛార్జర్ బాడీలో ఎందుకు వాడరంటే, పాలికార్బొనేట్ మిశ్రమాన్ని అచ్చులో పోయాలంటే 240 డిగ్రీలు, ఆపైన వేడి కావాలి. పొడి అక్కడే ఆవిరి వదిలేసి బుడగలు పుట్టిస్తుంది. ఇంకాస్త వేడిని తట్టుకునే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంది, దాదాపు 330 డిగ్రీల వరకు ఆగుతుంది. కేబుల్ తొడుగుల్లో వాడతారు. కానీ బరువులో 60 శాతం దాకా కలపాల్సి వస్తుంది. అంత పొడి కలిపితే ప్లాస్టిక్ పెళుసవుతుంది. టేబుల్ మీద నుంచి కింద పడితే పగిలే ఛార్జర్ ఎవరికి కావాలి?

వాగులో రాళ్ల లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. పొడి కలిపితే కండక్టివిటీ ఎంత పెరుగుతుంది? దీనికి మొదటి లెక్క ఇచ్చింది జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. 1873లో వచ్చిన విద్యుత్, అయస్కాంతత్వం పుస్తకంలో గుండ్రటి రేణువులు చెల్లాచెదురుగా ఉన్న పదార్థం గుండా కరెంటు ఎలా పోతుందో లెక్క కట్టాడు. అదే ఫార్ములా వేడికీ పనిచేస్తుంది. నూట యాభై ఏళ్ల నాటి ఫార్ములాని నేను ఎక్సెల్‌లో పెట్టి చూశాక నోరు తెరిచాను.

ప్లాస్టిక్ 0.2 అనుకుందాం. పరిమాణంలో 30 శాతం పొడి కలుపుదాం.

పొడి సిలికా అయితే, అంటే దాని సొంత విలువ 1.4 అయితే, మిశ్రమం 0.35 వస్తుంది.
పొడి అల్యూమినా అయితే, సొంత విలువ 30, మిశ్రమం 0.45.
పొడి డైమండ్ అనుకోండి, సొంత విలువ 2000. మిశ్రమం ఎంత? 0.457.

మళ్లీ చదవండి. అల్యూమినా నుంచి డైమండ్‌కి వెళ్తే పొడి కండక్టివిటీ అరవై రెట్లకు పైగా పెరిగింది. మిశ్రమంలో వచ్చిన తేడా మూడో దశాంశ స్థానంలో ఉంది.

ఎందుకంటే, వాగు దాటడం గుర్తు తెచ్చుకోండి. నీళ్లలో అక్కడక్కడా రాళ్లున్నాయి. రాయి మీద మీరు నడిచినా పరిగెత్తినా పెద్ద తేడా లేదు, టైమ్ అంతా పోయేది రాయికీ రాయికీ మధ్య నీళ్లలో దిగి ఈదడానికి. ఇక్కడ నీళ్లు అంటే ప్లాస్టిక్. రాళ్లు ఎంత గొప్పవో కాదు, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో ముఖ్యం.

కాబట్టి "డైమండ్ పౌడర్ థర్మల్ పేస్ట్", "గ్రాఫీన్ ఇన్‌ఫ్యూజ్డ్ బాడీ" లాంటి మాటలు చూసినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ పొడి అని కాదు. ఎంత పొడి అని. అది కూడా బరువులో ఎంత శాతమో, పరిమాణంలో ఎంత శాతమో విడిగా అడగాలి. ఎందుకంటే 30 శాతం పరిమాణం అల్యూమినా అంటే బరువులో 58 శాతం దాటుతుంది. బ్రోషర్‌లో పెద్దగా కనిపించే నంబర్ ఎప్పుడూ బరువుదే.

సగం దాటాక కథ మారుతుంది

మాక్స్‌వెల్ లెక్కలో ఒక షరతు ఉంది. రేణువులు ఒకదానికొకటి దూరంగా ఉండాలి. పొడి పెరిగే కొద్దీ అది నిలవదు. రాళ్లు తగులుకోవడం మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడానికి తర్వాత చాలామంది ఫార్ములాలు రాశారు. నాకు నచ్చింది నీల్సన్ 1970లలో ఇచ్చింది. ఎందుకంటే అందులో "ఈ రేణువుల్ని గరిష్ఠంగా ఎంతవరకు కుక్కొచ్చు" అనే సంఖ్య కూడా ఉంటుంది. ఒకే సైజు గోళీలను డబ్బాలో పోసి కుదిపితే దాదాపు 64 శాతం చోటు నిండుతుంది, మిగతాది ఖాళీ. ఆ 64ని పెట్టి అల్యూమినాకి లెక్క వేశాను.

30 శాతం దగ్గర నీల్సన్ 0.46 చెప్పింది. మాక్స్‌వెల్‌తో దాదాపు సమానం.
50 శాతం దగ్గర మాక్స్‌వెల్ 0.78, నీల్సన్ 1.2.
60 శాతం దగ్గర మాక్స్‌వెల్ 1.06, నీల్సన్ 4.

చూశారా, చివరి పది శాతంలో మూడు రెట్లకు పైగా దూకింది. థర్మల్ ప్యాడ్ కంపెనీలు బతికేది ఈ చివరి పది శాతం మీదే. కానీ ఇక్కడే మోడల్‌ని నమ్మకూడని చోటు కూడా ఉంది. 64 అని నేను పెట్టిన సంఖ్యను కొంచెం అటూ ఇటూ మార్చితే 60 దగ్గర జవాబు విపరీతంగా మారిపోతుంది. అంటే ఆ ప్రాంతంలో లెక్క దారి చూపిస్తుంది కానీ హామీ ఇవ్వదు. అక్కడ కొలిచి తీరాల్సిందే.

ఇంకో ఇబ్బంది, అంత పొడి కలిపితే ముద్ద గట్టి పడుతుంది, అచ్చులోకి పారదు. దానికి తయారీదారులు చేసే ఉపాయం మన వంటింట్లోదే. డబ్బా నిండా నిమ్మకాయలు పోశాక ఇంక పట్టవు అనుకుంటాం, కానీ సందుల్లో శనగలు పోస్తే పడతాయి, ఆ పైన ఆవాలు కూడా పడతాయి. పెద్ద, చిన్న రేణువులు కలిపితే ముద్ద మరీ గట్టి పడకుండానే ఎక్కువ పొడి పడుతుంది. మంచి ప్యాడ్‌కీ చౌక ప్యాడ్‌కీ తేడా తరచుగా ఈ కలపడంలోనే ఉంటుంది. అది బాక్స్ మీద కనపడదు.

"నానో" అనగానే చప్పట్లు కొట్టకండి

మన ఇండస్ట్రీలో నానో అంటే ఆటోమేటిక్‌గా గొప్ప. వేడి విషయంలో మాత్రం చాలాసార్లు తలకిందులు. రెండు పదార్థాలు కలిసే ప్రతి అంచు దగ్గరా వేడికి చిన్న టోల్‌గేట్ ఉంటుంది. ద్రవ హీలియంలో దీన్ని 1941లో గమనించినవాడు ప్యోతర్ కపిత్సా. అందుకే దానికి కపిత్సా రెసిస్టెన్స్ అని పేరు. 1987లో హాసెల్‌మన్, జాన్సన్ మాక్స్‌వెల్ ఫార్ములాలో ఈ టోల్‌గేట్‌ని కూడా చేర్చారు.

టోల్ విలువను కోటి వంతుల్లో ఒక వంతు చదరపు మీటర్ కెల్విన్ పర్ వాట్ అనుకుని లెక్క వేశాను. 10 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న అల్యూమినా రేణువు 30కి బదులు 23లా పనిచేస్తుంది. పెద్ద నష్టం లేదు. అదే రేణువు 1 మైక్రాన్ అయితే 7.5. 50 నానోమీటర్లు అయితే? 0.5. అంటే రేణువు దాదాపు ప్లాస్టిక్ స్థాయికి పడిపోయింది. 30 శాతం కలిపినా మిశ్రమం 0.45 దగ్గర కాదు, 0.27 దగ్గర ఆగిపోతుంది. కిలోమీటరుకో టోల్‌గేట్ ఉన్న హైవే మీద కారు ఎంత ఫాస్ట్ అయితే ఏంటి?

నానో పొడులకు వేరే ఉపయోగాలు ఉన్నాయి, మంట వచ్చినప్పుడు బొగ్గు పొరను గట్టిపరచడం లాంటివి. నేను కాదనట్లేదు. కానీ "నానో కూలింగ్" అని రాసి ఉంటే నేను ఇకపై ప్రూఫ్ అడుగుతాను.

ఇంకో ట్రిక్ దిశ. హెక్సాగొనల్ బోరాన్ నైట్రైడ్ అనే తెల్ల పొడి ఉంది. కరెంటును పంపదు, వేడిని బాగా పంపుతుంది, కాబట్టి 230 వోల్టుల పక్కన కూడా వాడొచ్చు. గ్రాఫైట్, కార్బన్ పొడులకు ఆ భాగ్యం లేదు, అవి కరెంటును కూడా పంపేస్తాయి. కానీ బోరాన్ నైట్రైడ్ రేణువులు అటుకుల్లా పలచటి పలకలు. అచ్చులో ప్లాస్టిక్ పారుతున్నప్పుడు అవన్నీ గోడకు సమాంతరంగా పడుకుంటాయి. అప్పుడు వేడి గోడ వెంబడి బాగా పాకుతుంది, గోడను అడ్డంగా దాటి బయటికి మాత్రం అంత బాగా పోదు. స్పెక్ షీట్‌లో పెద్ద నంబర్ కనపడితే అది ఏ దిశలోదో అడగండి.

మరి ఛార్జర్‌లో ఎంత తేడా వస్తుంది?

ఇక్కడ నా సొంత ఉత్సాహం మీద నేనే నీళ్లు చల్లుకోవాల్సి వచ్చింది. 65 వాట్లు ఇచ్చే, 92 శాతం ఎఫిషియన్సీ ఉన్న ఛార్జర్ లోపల సుమారు 5.6 వాట్ల వేడి పుడుతుంది. 6 సెంటీమీటర్లు, 5, 3 కొలతల డబ్బా అనుకుంటే బయటి ఉపరితలం 126 చదరపు సెంటీమీటర్లు. గాలికి వేడి ఇచ్చే రేటు మామూలు గదిలో చదరపు మీటరుకు డిగ్రీకి 10 వాట్లు తీసుకుంటే, ఉపరితలం గది కన్నా సగటున 45 డిగ్రీలు వేడెక్కుతుంది. 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోడకు లోపలి వైపూ బయటి వైపూ తేడా? నాలుగున్నర డిగ్రీలు. ఆ ప్లాస్టిక్‌ని ఐదు రెట్లు మెరుగుపరిచి 1.0 చేస్తే తేడా ఒక డిగ్రీ లోపుకి వస్తుంది. అంటే మనకు మిగిలింది మూడున్నర డిగ్రీలు. అంతే!

అసలు దొంగ ఎక్కడున్నాడంటే, లోపలి గాలి ఖాళీలో. గాలి కండక్టివిటీ 0.026. ఒక్క మిల్లీమీటర్ గాలి పొర, రేడియేషన్‌ని లెక్కలోకి తీసుకోకపోతే, 17 డిగ్రీలు తింటుంది. ఆ ఖాళీని 1.0 విలువ ఉన్న మామూలు పాటింగ్ కాంపౌండ్‌తో నింపితే అర డిగ్రీ.

హాట్‌స్పాట్ దగ్గర చూద్దాం. ఒక చదరపు సెంటీమీటర్ చిప్ నుంచి 2 వాట్లు బయటికి రావాలి, మధ్యలో 1 మిల్లీమీటర్ ప్యాడ్. ప్యాడ్ విలువ 1 అయితే 20 డిగ్రీల తేడా. 3 అయితే దాదాపు 7. 6 అయితే దాదాపు 3. పొడి లేని 0.2 ప్లాస్టిక్ అయితే 100 డిగ్రీలు, అంటే చిప్ బతకదు. చూడండి, ఏమీ లేని చోటు నుంచి 1కి రావడం ప్రాణం పోసినట్టు. 1 నుంచి 3కి రావడం మంచి ఇంజనీరింగ్. 6 నుంచి 12కి పోవడం చాలావరకు మార్కెటింగ్.

ఇప్పుడు నా రివ్యూ ఎందుకు తప్పో కూడా అర్థమవుతుంది. ఛార్జర్ బరువు 120 గ్రాములు, గ్రాముకు 1 జౌల్ చొప్పున తీసుకుంటే, అది పూర్తి వేడికి చేరడానికి గంట దాకా పడుతుంది. పదిహేను నిమిషాల్లో 60 శాతమే చేరుతుంది. పైగా నేను పెట్టింది ఫోన్. అది 65 వాట్లు లాగేది మొదటి కొద్ది నిమిషాలే. తర్వాత బ్యాటరీ నిండే కొద్దీ తగ్గిస్తుంది. ఆ రీడర్ పెట్టింది ల్యాప్‌టాప్, రోజుకు గంటల తరబడి. నేను టెస్ట్ చేసింది 25 డిగ్రీల ఏసీ గదిలో. మేలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 42 ఉంటుంది. 25కి 45 కలిపితే 70. 42కి 45 కలిపితే 87. మంచి ఛార్జర్ ఆ లోపే పవర్ తగ్గించుకుంటుంది. తగ్గించుకోనిది? పాలికార్బొనేట్ ఏబీఎస్ గ్రేడును బట్టి 80 నుంచి 100 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. హాట్‌స్పాట్ ఎదురుగా ఉన్న గోడ సగటు కన్నా ఇంకా వేడిగా ఉంటుంది. ఆ గోధుమ రంగు మచ్చ సరిగ్గా ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురుగా ఉంది.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. సేమ్ సైజు, సేమ్ నష్టం ఉన్న రెండు ఛార్జర్లు గంట తర్వాత బయట సగటున సేమ్ టెంపరేచర్ చూపిస్తాయి. ఎందుకంటే పుట్టిన వేడి అంతా ఎలాగైనా బయటికి రావాల్సిందే. లోపల మాత్రం ఒకటి హాయిగా ఉండొచ్చు, ఇంకోటి ఉడికిపోతుండొచ్చు. చేతితో తాకి చెప్పే రివ్యూ ఈ తేడాని ఎప్పటికీ పట్టుకోలేదు.

మంటకి పొడి సాయం చేస్తుందా?

సగం అవును. ప్లాస్టిక్ దిమ్మ మందంగా ఉంటే, కండక్టివిటీ పెరిగిన కొద్దీ పైపొర వేడిని లోపలికి లాగేస్తుంది, అంటుకోవడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. కానీ 2 మిల్లీమీటర్ల గోడ దిమ్మ కాదు, రేకు. లోపలికి లాగడానికి లోపల ఏముంది? కాబట్టి ఆ లాభం పెద్దగా దక్కదు. కొన్నిసార్లు రివర్స్ కూడా అవుతుంది. గాజు ఫైబర్ కలిపిన నైలాన్‌లో ఫైబర్లు దీపం వత్తిలా కరిగిన ప్లాస్టిక్‌ని మంటకి అందిస్తాయి. అందుకే దాన్ని వి-0కి తేవడం ఇంకా కష్టం.

అందుకే "మా మెటీరియల్ వేడిని బాగా పంపుతుంది కాబట్టి సేఫ్" అనే వాదన నేను ఒప్పుకోను. "వి-0 కాబట్టి కూల్" అనేదీ ఒప్పుకోను. రెండు నంబర్లు విడివిడిగా కావాలి. వి-0 పక్కన మందం కూడా ఉండాలి. 3 మిల్లీమీటర్ల దగ్గర వి-0 వచ్చిన మెటీరియల్ 1.5 దగ్గర వి-2 కావచ్చు. మీ ఛార్జర్ గోడ ఏ మందమో కంపెనీకి తెలుసు.

ఎదురు వాదనలు

కంపెనీల పీఆర్ వాళ్లతో మాట్లాడినప్పుడు నాకు రెండు జవాబులు వచ్చాయి. మొదటిది, "మెటీరియల్ ఫార్ములా ట్రేడ్ సీక్రెట్." సరే, ఫార్ములా నాకొద్దు. పులుసు రెసిపీ అడగట్లేదు, ఉప్పు ఎంతుందో అడుగుతున్నాను. రెండోది, "కస్టమర్లు దీన్ని పట్టించుకోరు." ఎఫిషియన్సీ రేటింగ్ కూడా ఒకప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఏసీ మీద స్టార్లు వచ్చాక మా నాన్న కూడా స్టార్లు లెక్కపెట్టి కొంటున్నాడు.

మూడో వాదన మాత్రం బలమైనది, అది మన రిపేర్ ఫ్రెండ్స్‌ది. పాటింగ్ నింపితే ఛార్జర్ మళ్లీ విప్పలేం, చెడితే చెత్తబుట్టే. నిజం. ఫోన్ విషయంలో నేను రిపేర్ పక్షమే. కానీ గోడకు అంటుకుని, పరుపు పక్కన, పిల్లలు ఆడే చోట రాత్రంతా ఉండే 230 వోల్టుల డబ్బా విషయంలో నా ఓటు నిండిన ఖాళీకే. దాన్ని ఇంట్లో విప్పి బాగు చేయమని ఎవరికీ చెప్పలేను. మధ్యేమార్గం కూడా ఉంది. మొత్తం నింపకుండా ట్రాన్స్‌ఫార్మర్, చిప్‌ల దగ్గర మాత్రమే ప్యాడ్లు పెడితే గాలి పొర పోతుంది, డబ్బా మిగులుతుంది.

ఇకపై ఇక్కడ ఏం మారుతుంది

ఆ నాలుగున్నర రేటింగ్‌ని నేను వెనక్కి తీసుకున్నాను, రివ్యూ పైన నోట్ పెట్టాను. ఆ రీడర్‌కి వేరే ఛార్జర్ కొనిచ్చాను, అది పెద్ద గొప్ప కాదు, బాకీ.

ఇకపై ఛార్జర్ రివ్యూల్లో ఫుల్ లోడ్‌ని ఎలక్ట్రానిక్ లోడ్‌తో 90 నిమిషాలు పెడతాను. ఐదు చోట్ల కొలుస్తాను, గది టెంపరేచర్ రాస్తాను. వేసవిలో ఏసీ ఆపి మళ్లీ ఒకసారి చేస్తాను. "చల్లగా ఉంది" అనే మాటకు మార్కులు ఉండవు. 90 నిమిషాల తర్వాత కూడా పూర్తి వాట్లు ఇస్తోందా, ఐదు చోట్ల మధ్య తేడా ఎంత, ఈ రెండింటికే మార్కులు. ఒక చోట 80, పక్కన 55 ఉంటే లోపల వేడికి దారి లేదని అర్థం.

ప్రతి బ్రాండ్‌కీ నాలుగు ప్రశ్నలు పంపుతాను: బాడీ యూఎల్ 94 రేటింగ్ ఎంత, ఏ మందం దగ్గర? లోపల పాటింగ్ లేదా ప్యాడ్ ఉందా? దాని కండక్టివిటీ ఎంత, ఏ దిశలో? గది 40 డిగ్రీలున్నప్పుడు బయటి గరిష్ఠ టెంపరేచర్ ఎంత? జవాబిస్తే వేస్తాను. ఇవ్వకపోతే "జవాబు ఇవ్వలేదు" అని వేస్తాను.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ఛార్జర్ మీద బీఐఎస్ ఆర్ నంబర్ చూడండి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అదే కంపెనీ, అదే ప్రొడక్ట్ వస్తోందో లేదో చెక్ చేయండి. ల్యాప్‌టాప్‌కి వాడేదాన్ని పరుపు మీద, దిండు కింద పెట్టకండి. గాలి రేటు పడిపోతే పైన వేసిన లెక్కలన్నీ ఇంకా పైకి పోతాయి. ఒకే చోట రంగు మారినా, మెత్తబడినా, చేపల వాసన లాంటి కాలిన వాసన వచ్చినా ఆ రోజే ఆపేయండి. ధర చూసి జాలిపడకండి.

చేతిలో చల్లగా ఉన్నదాన్ని మంచిదని రాయడం ఈజీ. నేను రాశాను. ఆ ఫోటో ఇప్పుడు నా డెస్క్ మీద ప్రింట్ తీసి పెట్టుకున్నాను. తర్వాతి ఛార్జర్ బాక్స్ విప్పే ముందు ఒకసారి దాన్ని చూస్తాను.